వంపు డిస్‌ప్లేకు యూవీ గ్లాస్ వేయిస్తే స్పీకర్ పోయింది. అసలు ఏ గ్లాస్, ఏ పౌచ్ పెట్టాలి?

నయీంనగర్_నవీన్
కొత్త ఫోన్ కొన్నాను, రెండు పక్కలా వంపు తిరిగిన డిస్‌ప్లే. దీనికి మామూలు టెంపర్డ్ గ్లాస్ అంచుల్లో లేస్తుంది, యూవీ గ్లాస్ తప్ప వేరే దారి లేదు అని హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో చెప్పి ఆరు వందలు తీసుకున్నారు. స్క్రీన్ మీద పలచటి జిగురు పోసి, పైన గ్లాస్ పరిచి, చిన్న నీలం లైటు కింద కాసేపు పెట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేస్తే గొంతు సన్నగా, ఎక్కడో దూరం నుంచి వస్తోంది. వాల్యూమ్ బటన్ ఒకటి నొక్కితే వెనక్కి రావట్లేదు. మళ్లీ వెళ్తే "ఫోన్‌లోనే ఏదో ఉంటది, సర్వీస్ సెంటర్‌కు పో" అన్నాడు. అక్కడేమో లోపలికి జిగురు పోయింది, ఇది వారంటీలోకి రాదు అన్నారు.

ఇప్పుడు ఈ గ్లాస్ పీకేయాలా, ఉంచాలా? ఇంకోటి, మా నాన్నది పరకాల దగ్గర వ్యవసాయం. ఆయన ఫోన్ చేతిలో కంటే కింద ఎక్కువ ఉంటుంది. మట్టి, పత్తి దూది, చెమట అన్నీ దాని మీదే. ఆయనకు ఏం పెట్టాలో కూడా చెప్పండి. "ఏదో ఒకటి వేయించు" అనేవాళ్లు దయచేసి వద్దు, అలా వేయించుకునే ఇక్కడిదాకా వచ్చాను.

కాజీపేట_జంక్షన్
ఏదో ఒకటి వేయించు అన్నా.

నయీంనగర్_నవీన్
అనుకున్నాను ఎవరో ఒకరు అంటారని.

రిపేర్_టేబుల్
వరంగల్‌లో రిపేర్ పని నాది, ఇలాంటి ఫోన్లు నా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి. యూవీ జిగురు నీళ్లంత పలచగా ఉంటుంది. గ్లాస్ నొక్కగానే గాలి బుడగలు బయటికి పోవడానికి అది నాలుగు పక్కలా పరుగెత్తాలి, దాని పనే అది. పైన ఇయర్ స్పీకర్ జాలీ, కింద మైకు రంధ్రం, పక్కన బటన్ల సందు, ఎక్కడ దారి దొరికితే అక్కడ దూరుతుంది. పని తెలిసినవాడు ముందు ఆ రంధ్రాలన్నీ టేపుతో మూసి, ఫోన్‌ను సమంగా పెట్టి, జిగురు కొలతగా పోస్తాడు. నీకు వేసినవాడు టేపు వేశాడా?

నయీంనగర్_నవీన్
టేపా? తుడిచే గుడ్డ కూడా ముందు నా చేతికే ఇచ్చాడు అన్నా.

రిపేర్_టేబుల్
అయితే అంతే. ఇంకో సంగతి, లైటు తగిలిన చోటే ఆ జిగురు గట్టిపడుతుంది. స్పీకర్ జాలీ వెనక్కి, బటన్ కిందికి పోయినదానికి లైటు సరిగా తగలదు. అది అక్కడే బంకగా ఉండిపోతుంది, దుమ్మును పట్టుకుంటుంది. నీ బటన్ ఇరుక్కోవడం అదే.

పీకేయడం మంచిది, కానీ ఇంట్లో వద్దు. పిన్నుతో జాలీ గెలకొద్దు, చిల్లు పడితే స్పీకరే మార్చాలి. పెట్రోలు, నెయిల్ పాలిష్ తీసే మందు అసలు ముట్టించొద్దు. గ్లాస్‌ను కొంచెం వేడి చేసి, సన్నటి ప్లాస్టిక్ కార్డు మూల నుంచి జరుపుకుంటూ పోతే ఊడి వస్తుంది. మిగిలిన జిగురు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పోతుంది. జాలీలోది కొత్తగా ఉంటే ఆల్కహాల్ ముంచిన బ్రష్‌తో కొంతవరకు వస్తుంది, గట్టిపడితే ఇయర్ స్పీకర్ విప్పాల్సిందే. అది డిస్‌ప్లే మార్చినంత ఖర్చు కాదులే, టెన్షన్ పడకు.

సిరి_సుబేదారి
షావోమీ లాంటి కంపెనీ ఇలాంటి జిగురు గ్లాసులు వాడొద్దని తానే బహిరంగంగా చెప్పింది కదా, స్పీకర్, బటన్లు పాడవుతాయని. అయినా దుకాణాల్లో ఆపట్లేదు. దాని మీద మిగిలేది ఎక్కువ మరి. మామూలు గ్లాస్ వంద, నూటయాభైకి వేస్తారు, యూవీ అంటే ఐదు వందల నుంచి మొదలు.

రిపేర్_టేబుల్
సిరి గారూ, అందరినీ ఒకే గాటన కట్టకండి. సరిగ్గా వేస్తే యూవీ గ్లాస్ మీద టచ్, వేలిముద్ర రెండూ చక్కగా పనిచేస్తాయి. మా దగ్గర వేసినవి ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు ఉన్నారు. పనివాడిది తప్పు, గ్లాస్‌ది కాదు.

సిరి_సుబేదారి
పనివాడు మంచోడా కాదా అని ఫోన్ చేతికిచ్చే ముందు మాకెలా తెలుస్తుంది అన్నా? అదే నా బాధ.

మెటలర్జీ_బ్యాక్‌లాగ్
వేలిముద్ర మాట వచ్చింది కాబట్టి. డిస్‌ప్లే కింద ఉండే సెన్సర్లు ప్రధానంగా రెండు రకాలు. ఆప్టికల్ అయితే వెలుతురుతో వేలును చూస్తుంది, అల్ట్రాసోనిక్ అయితే శబ్ద తరంగాలతో. రెండో రకానికి గ్లాస్‌కూ స్క్రీన్‌కూ మధ్య గాలి ఖాళీ ఉంటే కష్టం, అందుకే అంచులకే గమ్ ఉండే చౌక గ్లాసులు దానికి పనికిరావు, ఫుల్ గమ్ ఉండాలి. 2019లో శాంసంగ్ గెలాక్సీ ఎస్10 స్క్రీన్ మీద ఒక సిలికాన్ కవర్ వేస్తే ఎవరి వేలు పెట్టినా ఫోన్ తెరుచుకుంది. పెద్ద లొల్లి అయింది, తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సరిచేశారు. గ్లాస్ మార్చిన ప్రతిసారీ పాత వేలిముద్రలు తీసేసి కొత్తగా పెట్టుకోండి, ఎవరూ చెప్పరు ఇది.

కాజీపేట_జంక్షన్
ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటే మా ఇంట్లో యుద్ధాలే జరిగేవి.

ఖాళీ_ఫోన్
నేను పౌచ్ వాడను, గ్లాస్ వాడను. డెబ్బై వేలు పెట్టి కొని దాని మీద ఎనభై రూపాయల రబ్బరు తొడగడం పెళ్లికూతురికి గోనెసంచి కట్టినట్టే. ఫోన్ తయారుచేసేవాళ్లు గొరిల్లా గ్లాస్ పెట్టి ఇస్తున్నారు కదా, దాని మీద ఇంకో గ్లాస్ ఎందుకు? మనం జాగ్రత్తగా పట్టుకుంటే చాలు.

ఓసీపీ_నైట్‌షిఫ్ట్
ఏసీ ఆఫీసులో కూర్చుంటవా తమ్మీ నువ్వు?

ఖాళీ_ఫోన్
అవును, అయితే?

ఓసీపీ_నైట్‌షిఫ్ట్
ఏం లేదు, అడిగిన. నాది భూపాలపల్లి ఓపెన్ కాస్ట్ బొగ్గు గని. ఒక్క షిఫ్టు నా జేబులో పెట్టుకొని తిరిగి చూడు, గొరిల్లా ఏందో, కోతి ఏందో తెలుస్తది.

మెటలర్జీ_బ్యాక్‌లాగ్
ఖాళీ_ఫోన్ అన్న చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను. నిట్‌లో నా బ్రాంచి మెటలర్జీనే, ఒక సబ్జెక్టు ఇంకా మిగిలే ఉన్నా సరే.

గొరిల్లా గ్లాస్ కార్నింగ్ కంపెనీది, 2007లో మొదటి ఐఫోన్ నుంచి ఫోన్లలోకి వచ్చింది. దాన్ని కరిగిన పొటాషియం నైట్రేట్‌లో, సుమారు 400 డిగ్రీల దగ్గర ముంచుతారు. గాజు పై పొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికి పోయి, వాటి చోట పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. దాంతో పై పొర అంతా ఒత్తిడిలో బిగుసుకొని ఉంటుంది. గాజు ఎప్పుడూ పైన ఉన్న చిన్న గీత దగ్గర, అది తెరుచుకున్నప్పుడు పగులుతుంది. ఈ బిగింపు ఆ గీతను తెరుచుకోనివ్వదు. అదీ కథ.

ఇక గీతలు వేరు, పగుళ్లు వేరు. గీత పడాలంటే దానికంటే గట్టి వస్తువు రాసుకోవాలి. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద గాజు ఐదున్నర, ఆరు దగ్గర ఉంటుంది. రాగి నాణేలు మూడు, మూడున్నర. మామూలు తాళంచెవి, కత్తి కూడా ఐదున్నరకు మించవు. క్వార్ట్‌జ్ మాత్రం ఏడు. ఇసుకలో ఉండేది అదే. అంటే జేబులో తాళాలు ఉన్నాయని భయపడేవాళ్లు అసలు భయపడాల్సింది జేబు అడుగున ఉన్న ఇసుకరేణువుకు. ఆ రేణువు వేసిన సన్న గీత రేపు ఫోన్ పడినప్పుడు పగులుకు మొదలవుతుంది. గ్లాస్ వేసేది ఆ గీత దాని మీద పడాలని, ఫోన్ మీద పడకూడదని.

ఖాళీ_ఫోన్
అయితే పడితే పగలకుండా గ్లాస్ ఆపదు అంటున్నావు. నేను చెప్పేదీ అదే.

మెటలర్జీ_బ్యాక్‌లాగ్
రాయి మొన తగిలితే కొంత ఆపుతుంది, ముందు అది పగులుతుంది. మూల మీద పడితే ఏ గ్లాసూ ఏం చేయలేదు. బరువంతా ఆ ఒక్క బిందువు మీద పడుతుంది. అక్కడ పనిచేసేది పౌచ్. మూలల్లో మందంగా, స్క్రీన్ కంటే అంచు కొంచెం పైకి లేచి ఉండాలి. ఫోన్‌ను బోర్లా టేబుల్ మీద పెట్టి సందులోకి కాగితం దూర్చి చూడండి. దూరకపోతే ఆ పౌచ్ అందానికే.

గ్రానైట్_గంగన్న
క్వార్ట్‌జ్ మాట తమ్ముడు బాగా చెప్పాడు. మాది కరీంనగర్ పక్కన గ్రానైట్ క్వారీ లైను. గ్రానైట్ అంటేనే క్వార్ట్‌జ్, ఫెల్డ్‌స్పార్ కలిసినది. కోత దగ్గర లేచే పొడి ఎక్కడికైనా పోతుంది. మా దగ్గర పనిచేసే పిల్లల ఫోన్లు చూడాలి, ముందు గ్లాస్ మీద గీతలు ఎటూ ఉంటాయి, పౌచ్ తీస్తే వెనక భాగం ఇంకా ఘోరం. పొడి పౌచ్‌లోకి దూరుతుంది, ఇక నడిచిన ప్రతి అడుగుకూ ఫోన్‌కూ పౌచ్‌కూ మధ్య రాసుకుంటూనే ఉంటుంది. పౌచ్ వేశాం కదా అని నిమ్మళంగా ఉంటారు, లోపల రంగంతా అరిగిపోతుంది. నేను ఆదివారం ఆదివారం పౌచ్ తీసి సబ్బుతో కడిగి, ఫోన్ వెనక మెత్తటి గుడ్డతో తుడుస్తాను. ముందు దుమ్ము దులిపి తర్వాత తుడవాలి. దులపకుండా తుడిస్తే మన చేత్తో మనమే గీసినట్టు.

సిరి_సుబేదారి
ఇది నాకు కొత్త. పౌచ్ కడగాలని ఇప్పటిదాకా తట్టనే లేదు. ఇప్పుడే తీసి చూశాను, చెప్పలేను.

కాజీపేట_జంక్షన్
ఫోటో పెట్టండి.

సిరి_సుబేదారి
పెట్టను.

మిర్చియార్డు
మాది ఎనుమాముల మార్కెట్. గంగన్నకు గ్రానైట్ పొడి, మాకు మిర్చి ఘాటు, పత్తి సీజన్‌లో దూది. మిర్చి పొడి ఫోన్‌ను ఏం చేస్తుందో గానీ, ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని తర్వాత కళ్లు తుడుచుకుంటే మనిషిని మాత్రం చేయాల్సింది చేస్తుంది. ఎవరైనా నా ఫోన్ అడిగితే ఇచ్చేస్తాను, మళ్లీ అడగరు.

నవీన్ తమ్మీ, మీ నాన్నకు పత్తి ఉంది అన్నావు కదా. ఛార్జింగ్ పోర్టు చూడు.

రిపేర్_టేబుల్
మిర్చియార్డు కాకా సరిగ్గా పట్టుకున్నాడు. పత్తి సీజన్ మొదలైతే పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చే ఫోన్లలో చాలావాటికి ఒకటే రోగం: "ఛార్జర్ లూజుగా ఉంది, పక్కకు వంచి పట్టుకుంటేనే ఎక్కుతుంది." కొన్ని దుకాణాల్లో పోర్టు మార్చాలని చెప్పి డబ్బులు తీసుకుంటారు. నేను ముందు లైటు వేసి లోపల చూస్తాను. సీ టైపు పోర్టు మధ్యలో సన్నటి నాలుక ఉంటుంది కదా, దాని చుట్టూ అడుగున దూది గట్టిగా అణిగి ఉంటుంది. ఛార్జర్ పెట్టిన ప్రతిసారీ మనమే దాన్ని లోపలికి కూరతాం. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో గోడ వెంబడి నెమ్మదిగా లేపితే బూడిద రంగు పొర ఒకటి మొత్తంగా ఊడి వస్తుంది, దాంట్లో మట్టి, చెమట ఉప్పు, జేబు దారాలు అన్నీ కలిసి ఉంటాయి. తీసిన తర్వాత కేబుల్ టక్కున కూర్చుంటుంది. సూది, గుండుపిన్ను పెట్టొద్దు, ఆ నాలుక మీది పిన్నులు వంగితే అప్పుడు నిజంగానే పోర్టు మార్చాలి.

రబ్బరు మూత ఉండే పౌచ్‌లు దొరుకుతాయి, పోర్టు దగ్గర మూసుకుంటుంది. మీ నాన్నకు అలాంటిది తీసుకో.

నయీంనగర్_నవీన్
మూత ఉన్నది పెడితే రెండో రోజే కత్తెరతో కోసేస్తాడు అన్నా, ఛార్జింగ్ పెట్టేటప్పుడు అడ్డం అని. ఇప్పుడున్నది ఫ్లిప్ కవర్. దాంట్లో పాస్‌బుక్ జిరాక్స్, ఎరువుల దుకాణం చిట్టీలు, ఎప్పటివో బస్సు టికెట్లు. మూత మూసుకోదు.

మిర్చియార్డు
అది ఫ్లిప్ కవర్ కాదు, బీరువా.

ఓసీపీ_నైట్‌షిఫ్ట్
నవ్వకండి, రైతుకు ఫ్లిప్ కవరే మంచిది. జేబులో పెట్టినా స్క్రీన్ మీద ఒక పొర ఉంటుంది. మా దగ్గర బొగ్గు పొడి గీతలు వేసేది తక్కువే, నల్లగా చేసేది ఎక్కువ. ఆ పొడిలో రాతి పొడి కలిసినప్పుడే గీతలు. నేను మూడేళ్లుగా ఫ్లిప్ కవర్ మీదే ఉన్నా. ఒకటే కిరికిరి, మూతలో ఉన్న అయస్కాంతం వల్ల మ్యాప్‌లో దిక్కులు తప్పు చూపిస్తుంది.

అసలు మా దగ్గర పెద్ద శత్రువు ఎండ. మే నెలలో రామగుండం వైపు 45 దాటుతుంది. ఫోన్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, మందం పౌచ్ వేసి ఛార్జింగ్ పెడితే ఇంకా.

మెటలర్జీ_బ్యాక్‌లాగ్
అవును, ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెబుతుంది. మన దగ్గర ఎండాకాలం ఆ లెక్క పొద్దున తొమ్మిదికే దాటిపోతుంది. ఛార్జింగ్‌లో ఫోన్ వేడెక్కితే పౌచ్ తీసేయండి. ఆగి ఉన్న కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం అన్నిటికంటే చెడ్డది. పారదర్శకంగా ఉండే టీపీయూ (వంగే మెత్తటి ప్లాస్టిక్) పౌచ్ పచ్చబడేది కూడా ఈ ఎండ, వేడి వల్లే. అది మురికి కాదు, ప్లాస్టిక్కే మారిపోతుంది. ఎంత కడిగినా తెలుపు రాదు.

సిరి_సుబేదారి
అయ్యో, నేను సర్ఫ్‌లో నానబెట్టాను మొన్న.

బైక్‌మీద_బతుకు
డెలివరీ చేస్తాను, హన్మకొండ, బాలసముద్రం, కాజీపేట రోజంతా తిరుగుడే. మీరంతా కింద పడేది, గీతలు పడేది మాట్లాడుతున్నారు. నా ఫోన్ ఒక్కసారి కూడా పడలేదు, హ్యాండిల్‌కు స్టాండు బిగించి పెడతాను. అయినా కెమెరా పోయింది. ఫోటో తీస్తే ఫోకస్ నిలబడదు, వీడియోలో వణుకు, లోపల నుంచి జుయ్ మని శబ్దం. ఏ ఫోన్ అని అడగొద్దు.

మెటలర్జీ_బ్యాక్‌లాగ్
బండి వణుకు వల్లే అయి ఉంటుంది. మంచి కెమెరాల్లో చెయ్యి వణికినా ఫోటో కదలకుండా లెన్స్‌ను సర్దే చిన్న యంత్రాంగం ఉంటుంది, ఓఐఎస్ అంటారు. బండి హ్యాండిల్ వణుకు దాన్ని పాడుచేయవచ్చని 2021 సెప్టెంబరులో ఆపిలే హెచ్చరించింది. పెద్ద ఇంజన్ బైకుల మీద అసలు బిగించొద్దని, స్కూటర్ల లాంటి వాటికి వణుకు తగ్గించే మౌంట్ వాడమని రాసింది. ఏ పౌచూ దీన్ని ఆపదు.

బైక్‌మీద_బతుకు
మరి నేను మ్యాప్ ఎక్కడ చూడాలి, ఆకాశంలోనా? సరే, రబ్బరు బుష్‌లున్న స్టాండు దొరుకుతుంది అంటున్నారు, అది చూస్తాను. లేదంటే ఓఐఎస్ లేని పాత ఫోన్ ఒకటి పనికి పెట్టుకొని, మంచిది జేబులో ఉంచుకోవడమే. వానలో అయితే జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచి వాడతాను, టచ్ సరిగా చేయదు, ఓటీపీ కొట్టేసరికి కస్టమర్ తలుపు వేసేసుకుంటాడు.

కాజీపేట_జంక్షన్
వాన అన్నారు కాబట్టి నా గోడు వినండి. 2024 మేడారం జాతరకు పోయి జంపన్న వాగులో దిగాం. ఫోన్ ఐపీ68, నీళ్లలో వేసినా ఏం కాదని బావమరిదికి చూపిద్దామని నీళ్లలో ముంచి ఫోటో తీశాను. ఫోటో వచ్చింది. సాయంత్రం ఫోన్ పోయింది.

రిపేర్_టేబుల్
పాత ఫోనా?

కాజీపేట_జంక్షన్
పాతదే, ఒకసారి డిస్‌ప్లే కూడా మార్పించా.

రిపేర్_టేబుల్
ఇంకేం మరి. ఐపీ68లో మొదటి 6 దుమ్ముకు, 8 నీళ్లలో మునగడానికి. చాలా ఫోన్లకు మంచినీళ్లలో ఒకటిన్నర మీటరు లోతు, అరగంట అని రాసి ఉంటుంది. అది కొత్త ఫోన్‌కు. లోపల అంచుల వెంబడి ఉండే జిగురు పట్టీ నీళ్లను ఆపుతుంది. ఒకసారి విప్పితే ఆ పట్టీ కొత్తది వేయాలి, చాలామంది వెయ్యరు. జాతరలో వాగు నీళ్లంటే ఇసుక, పసుపు, అన్నీ ఉంటాయి. ఐపీ68 రాసి ఉన్నా లోపల నీళ్లు పడితే వారంటీ ఇవ్వరు. లోపల తెల్ల స్టిక్కర్ ఉంటుంది, తడి తగిలితే ఎర్రబడుతుంది, వాళ్లు ముందు చూసేది అదే.

కాజీపేట_జంక్షన్
ఇంటికొచ్చి బియ్యం డబ్బాలో కూడా పెట్టాను అన్నా.

మిర్చియార్డు
సన్నబియ్యమా, దొడ్డుబియ్యమా?

కాజీపేట_జంక్షన్
రేషన్‌వి.

మిర్చియార్డు
అందుకే.

సిరి_సుబేదారి
ఏ బియ్యమైనా ఒకటే కాకా. 2024 జనవరిలో ఆపిల్ కూడా బియ్యంలో పెట్టొద్దని రాసింది, చిన్న బియ్యం రేణువులు ఫోన్‌ను పాడుచేయవచ్చని. ఫోన్‌ను పోర్టు కిందికి ఉండేలా పట్టుకొని చేత్తో మెల్లగా తట్టి, గాలి తగిలేచోట వదిలేయమన్నారు. తడి ఆరేదాకా ఛార్జర్ పెట్టకపోవడమే ముఖ్యం.

ఖాళీ_ఫోన్
నాకు ఇంకో అనుమానం. పౌచ్‌ల మీద "మిలిటరీ గ్రేడ్" అని రాసి అమ్ముతున్నారు, గ్లాస్ మీద "9హెచ్", "11డి" అని. ఇవన్నీ నిజమా, పేరుకేనా?

మెటలర్జీ_బ్యాక్‌లాగ్
9హెచ్ అనేది పెన్సిల్ పరీక్ష. అన్నిటికంటే గట్టి పెన్సిల్‌తో గీసినా గీత పడలేదని. మోస్ స్కేలు మీద 9 అంటే నీలమణి, దానికీ దీనికీ సంబంధం లేదు. పెన్సిల్‌తో గీస్తే మీ ఇంటి కిటికీ అద్దం మీద కూడా గీత పడదు. 11డి, 21డి అనేవి ఏ కొలతా కాదు, అమ్మేవాడి ఉత్సాహం.

మిలిటరీ గ్రేడ్ అంటే అమెరికా సైన్యం ప్రమాణం మిల్-ఎస్‌టీడీ-810. దాంట్లో ఒక పరీక్షలో వస్తువును 4 అడుగుల ఎత్తు నుంచి అంచులు, మూలలు, పక్కలు అన్నీ తగిలేలా 26 సార్లు వేస్తారు, కాంక్రీటు మీద పరిచిన ప్లైవుడ్ మీద. మన ఇళ్లలో ప్లైవుడ్ లేదు, షాబాద్ బండలు, గ్రానైట్. పైగా సైన్యం ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, కంపెనీవాళ్లే పరీక్ష చేసుకొని వాళ్లే రాసుకుంటారు. మంచి పౌచ్‌లూ ఉంటాయి, ఆ ముద్రను చూసి మాత్రం కొనొద్దు.

ఖాళీ_ఫోన్
అదీ మాట. అందుకే నేను ఏదీ కొనను.

గ్రానైట్_గంగన్న
తమ్మీ, నువ్వు మా క్వారీకి వచ్చినప్పుడు ఒక పౌచ్ నేనే కొనిస్తా.

బైక్‌మీద_బతుకు
కెమెరా మీద విడిగా అతికించే గ్లాసులు ఎలా ఉంటాయి? దుకాణంలో పౌచ్‌తో పాటు అంటగట్టాడు.

సిరి_సుబేదారి
తీసేయండి. నేను పెట్టి వేయిస్తంభాల గుడి దగ్గర రాత్రి ఫోటోలు తీస్తే ప్రతి లైటు చుట్టూ తెల్ల చారలు. కెమెరా చుట్టూ అంచు ఎత్తుగా ఉన్న పౌచ్ చాలు.

మెటలర్జీ_బ్యాక్‌లాగ్
మడత ఫోన్ ఉన్నవాళ్లకు ఒక మాట. లోపలి స్క్రీన్ మీద ఫ్యాక్టరీలో వేసిన ఫిల్మ్ ఉంటుంది, దాన్ని రవాణా ప్లాస్టిక్ అనుకొని పీకొద్దు. 2019లో మొదటి గెలాక్సీ ఫోల్డ్‌కు రివ్యూ రాసేవాళ్లే పీకి స్క్రీన్లు పాడుచేసుకున్నారు.

మిర్చియార్డు
మా దగ్గర మడతపెట్టేవి గోనెలే.

నయీంనగర్_నవీన్
ఇవాళ రిపేర్_టేబుల్ అన్న చెప్పిన పద్ధతిలో తెలిసిన వేరే దుకాణంలో గ్లాస్ తీయించాను. బటన్ బాగయింది, స్పీకర్ కొంచెం మెరుగు. ఇప్పుడు వంపు స్క్రీన్‌కు ఏం వేయాలి? అతను హైడ్రోజెల్ ఫిల్మ్ మెషీన్‌లో కట్ చేసి వేస్తానంటున్నాడు.

రిపేర్_టేబుల్
వేయించు. అది మెత్తటి ఫిల్మ్, వంపు మీద సరిగ్గా కూర్చుంటుంది, లోపలికి పోయే జిగురు గొడవ లేదు. సన్న గీతలు పడినా కొద్దిరోజుల్లో కొంత సర్దుకుంటాయి. దెబ్బను మాత్రం ఆపదు, కాబట్టి అంచు లేచిన పౌచ్ తప్పనిసరి. వంపు డిస్‌ప్లే పగిలితే పై గాజు ఒక్కటే మార్చడం చాలా కష్టం, చాలా దుకాణాలు మొత్తం ఫోల్డరే (గాజు, డిస్‌ప్లే కలిసిన సెట్టు) మార్చాలంటాయి, ఆ ధర వింటే ఫిల్మ్, పౌచ్ ఖర్చు గుర్తుకు కూడా రాదు. మీ నాన్నది చదును స్క్రీనే కదా? దానికి మామూలు ఫుల్ గమ్ టెంపర్డ్ గ్లాస్, మూలలు మందంగా ఉన్న టీపీయూ పౌచ్. ఫ్లిప్ కవర్ మీద ఆయనకు మనసుంటే ఉంచు, చిట్టీలు మాత్రం తీసెయ్, ఆ లావుకు మూత స్క్రీన్ మీద నొక్కుకుంటుంది.

నయీంనగర్_నవీన్
చిట్టీలు తీసే ధైర్యం నాకు లేదు. మిగతావి చేస్తాను.

జనగామ_అమ్మ
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా నాలుగేళ్ల బాబు ట్యాబ్ మీద టెంపర్డ్ గ్లాస్ మూలలో పగిలింది. స్క్రీన్ బాగానే ఉంది, పనిచేస్తోంది. అలాగే ఉంచొచ్చా?

రిపేర్_టేబుల్
వద్దమ్మా, ఇవాళే తీసేయండి. పగిలిన అంచు పొడిపొడిగా రాలుతుంది, పిల్లల వేళ్లకు గుచ్చుకుంటుంది, కనిపించదు కూడా. తీసేటప్పుడు పైన వెడల్పు టేపు అతికించి టేపుతో సహా లాగండి, ముక్కలు చెదరవు. పిల్లల చేతికి గాజు కాకుండా ప్లాస్టిక్ ఫిల్మ్ వేయించండి. పౌచ్ మందంగా ఫోమ్‌తో, పట్టుకోవడానికి పిడి ఉండేవి దొరుకుతాయి, అది తీసుకోండి. బాబు కొరుకుతాడా?

జనగామ_అమ్మ
కొరుకుతాడు.

రిపేర్_టేబుల్
అయితే మూలలు ఊడొచ్చే రకం వద్దు, ఒకే ముక్కగా ఉన్నది చూడండి.